మిరపకాయతో నూలుకి రంగెందుకు వెయ్యరు?

మా వైపు ఎరుపుకి కరువు లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పర్చూరు నుంచి చిలకలూరిపేట మీదుగా గుంటూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు కళ్ళు చెదిరేట్టు కనిపిస్తాయి. నాలుగు నెలలు ముందొస్తే అదే నల్లరేగడిలో తెల్లగా విచ్చిన పత్తి. ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప, ధర ఎటు మొగ్గితే రైతు అటు. మరి పత్తీ ఎరుపూ ఇలా గట్టుకి అటొకటి ఇటొకటి పండుతుంటే, మిరపకాయతో నూలుకి రంగెందుకు వెయ్యరు?

ఈ ప్రశ్న నాది కాదు, ఆరో క్లాసు చదివే మా అమ్మాయిది. "వెయ్యరమ్మా, అంతే" అని తప్పించుకోవచ్చు. కానీ సరిగ్గా జవాబు చెప్పాలని కూర్చుంటే అది పత్తి పోగు లోపలికీ, అక్కణ్ణుంచి చీరాలకీ, చివరికి మా ఆఫీసు అడ్మిన్ డిపార్ట్‌మెంటుకీ వెళ్ళి ఆగింది. అందుకే ఈ టపా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, కాఫీ తెచ్చుకోండి.

ముందు మిరపకాయ సంగతి. దాని ఎరుపు క్యాప్సాంథిన్ అనే పదార్థానిది. క్యారెట్‌కి రంగునిచ్చే జాతిదే ఇదీను. ఇది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె అంత ఎర్రగా ఉండేది అందుకే. మిరప నుంచి తీసిన ఈ రంగుని తిండి పదార్థాల్లో వాడటానికి ఎగుమతి కూడా చేస్తారు. కానీ పత్తిని పట్టుకునే చెయ్యి దీనికి లేదు. పైగా ఎండ తగిలితే విరిగిపోతుంది. చొక్కా మీద ఆవకాయ మరక పడితే ఉతికి ఎండలో ఆరేస్తూ ఉండండి, జిడ్డు సంగతేమో గానీ ఎరుపు మాత్రం పోతుంది. తినే రంగు వేరు, కట్టే రంగు వేరు.

పసుపు ఇంకో తరహా. అది పత్తికి నేరుగా అంటుకుంటుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ వెలుతురుకి నిలవదు, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. కొత్త బట్టకి పండక్కి అంచున పెట్టిన పసుపు బొట్టు సంక్రాంతికి పెడితే ఉగాదికి ఉండదు కదా! అదన్నమాట. అంటుకోవడం వేరు, నిలవడం వేరు.

ఇక్కడ అసలు విషయం ఒకటుంది. మనలో చాలామంది రంగు అంటే పెయింటు అనుకుంటాం, పైన పూస్తే సరిపోతుందని. నూలు రంగు అలా కాదు. అది పోగుకీ రంగుకీ మధ్య కుదరాల్సిన ఒప్పందం. ఒప్పందమన్నాక రెండు పక్షాలూ ఎవరో తెలియాలి.

పోగులు ప్రధానంగా రెండు కులాలు. పత్తి, నార, జనపనార ఇవన్నీ మొక్కలవి, అంటే సెల్యులోజ్. పట్టు, ఉన్ని జంతువులవి, అంటే ప్రోటీన్. పత్తి పోగు నిజానికి గింజ మీద మొలిచిన వెంట్రుక, ఒక్కటే కణం. కాయ పగిలి ఆరాక లోపలి గొట్టం చప్పబడి, రిబ్బన్‌లా మెలి తిరుగుతుంది. ఆ మెలికలే వడికేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టు పోగు వెంట్రుక కాదు, పురుగు నోట్లోంచి వచ్చిన దారం, ఒక్కో గూటి నుంచి వందల మీటర్లు తీయొచ్చు. ఉన్ని మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్ళలో వేసి కుదిపితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోతాయి. స్వెట్టర్ వాషింగ్ మెషీన్‌లోంచి బొమ్మ సైజులో బయటికి రావడం వెనకున్న రహస్యం అదే.

ఏది ఏదో తెలుసుకోవడం చాలా తేలిక. బట్ట అంచు నుంచి రెండు దారాలు లాగి, పట్టుకారుతో పట్టుకుని అంటించండి. పత్తి కాగితం కాలిన వాసనొస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు, ఉన్ని వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. "ప్యూర్ కాటన్ సార్, గ్యారంటీ" అన్నవాడి మాటకంటే ఈ రెండు దారాల మాట నమ్మొచ్చు. పడుగు దారం ఒకసారి, పేక దారం ఒకసారి విడిగా కాల్చాలి. ఒకటి అసలుది, రెండోది కాకపోవచ్చు.

మా అమ్మాయి కోసం ఒక ఆదివారం చిన్న ప్రయోగం చేశాం. ఒకే గిన్నె. పటిక నీళ్ళలో నానబెట్టిన నాలుగు దారాలు: నూలు, పట్టు, ఉన్ని, పాలిస్టర్. ఆయుర్వేదం కొట్లో దొరికే మంజిష్ఠ పొడి నీళ్ళలో అన్నిటినీ కలిపి సన్నటి సెగ మీద గంటసేపు ఉంచాం. ఉన్ని ఇటుకరాయి ఎరుపు తేలింది. పట్టు దానికంటే కొంచెం తక్కువ. నూలు లేత గులాబీ. పాలిస్టర్ ట్యాపు కింద పెట్టగానే తెల్లబడి కూర్చుంది, "నాకేం సంబంధం" అన్నట్టు. రంగు అదే, నీళ్ళు అవే, సెగ అదే. మారింది పోగు ఒక్కటే. ప్రయోగమంటే అలా ఉండాలి, ఒక్క వేరియబులే మారాలి అని అమ్మాయికి లెక్చరిచ్చాను. వినలేదనుకోండి.

మరి నూలెందుకంత మొండిది? ఉన్నిలో, పట్టులో ప్రోటీన్ కాబట్టి లోహాల్నీ, రంగుల్నీ పట్టుకోగల కొక్కేలు బోలెడున్నాయి. సెల్యులోజ్‌కి అవి లేవు. నీళ్ళని బాగా పీలుస్తుంది కానీ రంగుని పట్టించుకోదు. పైగా పచ్చి నూలు మీద సహజమైన మైనం ఉంటుంది. కొత్త చిలపని నీళ్ళలో వేస్తే తేలుతుంది. సోడాతో ఉడకబెట్టి ఆ మైనం పోగొట్టాక వేస్తే మునుగుతుంది. తేలే నూలుకి రంగు వెయ్యకూడదు, ఇది మొదటి పాఠం.

రెండో పాఠం కరక్కాయ. అందులోని వగరు, అంటే టానిన్, పత్తికి అతుక్కుంటుంది. టానిన్‌కి పటికలోని అల్యూమినియం అతుక్కుంటుంది. అల్యూమినియానికి మంజిష్ఠలోని ఎరుపు అతుక్కుంటుంది. మన భాషలో చెప్పాలంటే, ఒకదానితో ఒకటి మాట్లాడలేని రెండు సిస్టమ్‌ల మధ్య రెండు అడాప్టర్లు. ఆ మరుసటి వారం ఇంకో నూలు చిలపని ముందు కరక్కాయ నీళ్ళలో, తర్వాత పటికలో ముంచి అదే మంజిష్ఠలో వేశాం. ఈసారి గులాబీ కాదు, ఎరుపు. పక్కపక్కన పెడితే రెండూ ఒకే గిన్నెలోవంటే ఎవరూ నమ్మరు.

ఈ అడాప్టర్ ఎవరు కనిపెట్టారో పేరు తెలీదు కానీ, మొహెంజోదారో తవ్వకాల్లో దొరికిన పత్తి బట్ట పీలిక మీద ఇదే తరహా ఎరుపు ఉంది. అంటే నాలుగు వేల ఏళ్ళ నాటి సంగతి.

సరే, ఇప్పుడు చీరాల వెళ్దాం. (2022 ఏప్రిల్ నుంచి చీరాల, వేటపాలెం, పర్చూరు బాపట్ల జిల్లాలో ఉన్నాయి. నాకింకా ప్రకాశం అనే నోరు తిరుగుతుంది.) ఒకప్పుడు చీరాల ఎరుపంటే దేశదేశాల్లో పేరు. తేలియా రుమాలు అని వినే ఉంటారు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళతో చదరంగా ఉండే పెద్ద గుడ్డ. అరబ్బు దేశాలకీ, ఆఫ్రికాకీ ఓడలెక్కేది. తలపాగాకీ, కప్పుకోవడానికీ వాడేవాళ్ళు. తేలియా అంటే నూనెది అని. నూలుని ఆముదం కాయల బూడిద నీళ్ళలో, నూనెలో కలిపి పిసికి, ఎండబెట్టి, మర్నాడు మళ్ళీ పిసికి, మళ్ళీ ఎండబెట్టి... ఇలా రెండు మూడు వారాలు. అప్పటికి ఇంకా రంగు మొదలే పెట్టలేదు, నూలుని ఒప్పిస్తున్నారంతే! క్షారంలో, ఎండలో మారిన నూనె పోగు లోపలికి దిగి, అల్యూమినియాన్ని గట్టిగా పట్టుకునే మరో అడాప్టర్ అవుతుంది. ఆ తర్వాత పడిన ఎరుపు ఉతికే కొద్దీ నిగ్గు తేలుతుందని చెప్పుకునేవాళ్ళు.

ఆ ఎరుపు మొదట్లో చిరివేరుది. మన తీరం ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, వేరంతా రంగే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ ఈ తీరానికొచ్చి, మన నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ వ్యాపారం పెట్టింది బట్టల కోసమే. యూరప్ వాళ్ళకి ఉన్నికి రంగెయ్యడం వచ్చు, పత్తికి నిలిచే ఎరుపు వెయ్యడం రాదు. 1742లో కోర్డూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు ఇక్కడి అద్దకం పనివాళ్ళని అడిగి, ఒక్కో అంచెనీ ఉత్తరంలో రాసి తన దేశానికి పంపాడు. ఈయన తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూడా తయారుచేసిన మనిషి. మనం ఇవాళ రివర్స్ ఇంజినీరింగ్ అంటున్నామే, అదే పని.

ఆ తర్వాత 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ కెమిస్టులు ఆ ఎరుపులోని అసలు పదార్థం, అలిజరిన్‌ని తారు నుంచి తయారుచేశారు. మొక్కలోని రంగుని మనిషి తయారుచెయ్యడం అదే మొదటిసారి. కొన్నేళ్ళలోనే వేళ్ళ సాగు దెబ్బతింది. తమాషా ఏంటంటే, చీరాల వాళ్ళు జర్మనీ అలిజరిన్ పొడి వాడటం మొదలెట్టాక కూడా నూనె, బూడిద పద్ధతి మానలేదు. రంగు డబ్బాలో వచ్చింది కానీ పత్తిని ఒప్పించే విద్య డబ్బాలో రాలేదు. అది ఇక్కడి చేతుల్లోనే ఉంది. తర్వాత్తర్వాత ఎగుమతులు పోయి చీరాలలో ఆ రుమాలు ఆగిపోయింది. ఆ విద్య తెలంగాణలో పుట్టపాకలో బతికింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక పేరు మీదే వచ్చింది. మంచిదే, ఎక్కడో ఒకచోట బతికింది.

ఇంత చదివాక ఊరుకోలేక పోయినేడాది వేటపాలెం వైపు ఒక అద్దకం పాక చూడ్డానికెళ్ళాను. ఆయనకి అరవై దాటి ఉంటాయి. గాబులో నుంచి చిలపల్ని కర్రల మీద తిప్పి తీస్తూ, "సాఫ్ట్‌వేరా బాబూ మీరు? మరి ఈ బురదలోకేం వచ్చారు?" అన్నాడు. రోజువారీ పని అంతా వ్యాట్ రంగులూ, రియాక్టివ్ రంగులే. ఆర్డరొస్తే కరక్కాయ, మంజిష్ఠ, నీలిమందు కూడా.

"బాబాయ్, రంగు వచ్చిందని ఎట్టా తెలుస్తుంది?" అనడిగాను.

"తడి మీద ఉన్న రంగు రంగు కాదు బాబూ. ఆరితే రెండు మెట్లు దిగుద్ది. ఆరాక ఎట్టా ఉంటదో తడిలోనే చూడగలగాలి. పొద్దున నీడలో చూడాలి, ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం."

నీళ్ళు ఏ బావివో కూడా ఆయనకి ముఖ్యం. మంజిష్ఠ ఎరుపు సరిగ్గా రావాలంటే నీళ్ళలో కాస్త సున్నం ఉండాలి, మరీ మెత్తటి నీళ్ళయితే తేలిపోతుంది. నాకు కాల్షియం, అలిజరిన్ అని పుస్తకంలో తెలుసు. ఆయనకి ఏ బావో తెలుసు. ఆయన కొడుకు హైదరాబాదులో క్యాబ్ నడుపుతున్నాడు. మన దగ్గర ప్రాజెక్టులో ఒక మాడ్యూల్ ఒక్కడికే తెలిస్తే మేనేజర్లకి నిద్ర పట్టదు, డాక్యుమెంటేషన్ అనీ, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అనీ వెంటపడతారు. ఇక్కడ మొత్తం సిస్టమే ఒకాయన కళ్ళలో ఉంది, వెంటపడేవాడు లేడు.

ఇక్కడో మాట. నేను "అంతా సహజం, అంతా మంచిది" బ్యాచ్ కాదు. పత్తి సహజమే, కానీ 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ వచ్చి, మందు మీద మందు కొట్టి, అప్పులపాలై ఎంతమంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారో మా ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. సహజ రంగుకీ నీళ్ళూ, కట్టెలూ బాగానే ఖర్చవుతాయి. రసాయన రంగులన్నీ విషమూ కాదు. 1956లో మార్కెట్లోకొచ్చిన రియాక్టివ్ రంగులు సెల్యులోజ్‌తో నేరుగా రసాయన బంధం వేసుకుంటాయి, అడాప్టర్ అక్కర్లేదు. అదొక గొప్ప ఇంజినీరింగే. కొన్ని అజో రంగులు హాని చేస్తాయని తేలి 1990ల్లో జర్మనీ, తర్వాత మన దేశం వాటిని నిషేధించాయి. కాబట్టి గొడవ సహజమా, రసాయనమా అని కాదు. వేసేవాడికి పోగు గురించి తెలుసా, కొనేవాడికి కాస్తయినా తెలుసా అన్నదే.

కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుందో చూడండి. మా ఆఫీసులో ఒక ఫంక్షన్‌కి అరవై చేనేత చున్నీలు కావాలన్నారు, సహజ రంగే కావాలన్నారు. చీరాల దగ్గర ఒక నేతగాడి ద్వారా ఆర్డరిప్పించాను. నూలుకి రంగు వేసింది ఈ బాబాయే. "గాబుకి ఇన్ని చిలపలే పడతాయి, రెండు దఫాలుగా వేస్తాం, కొద్దిగా తేడా ఉంటుంది" అని ముందే చెప్పారు, నేను మెయిల్లో రాసి పెట్టాను. సరుకొచ్చింది. పద్నాలుగు చున్నీలు మిగతావాటికంటే ఒక పిసరు ముదురు. అడ్మిన్ వాళ్ళు ట్యూబులైటు కింద పరిచి, "షేడ్ మిస్‌మ్యాచ్, వెనక్కి పంపండి" అన్నారు.

వెనక్కి పంపితే ఆ పద్నాలుగు ఎవరి ఖాతాలో పడతాయి? కంపెనీ ఖాతాలో కాదు, మధ్యవర్తి ఖాతాలోనూ కాదు. నేతగాడి కూలిలోంచి, అద్దకం కూలిలోంచి పోతాయి. ఆ మాటే మీటింగులో చెప్పాను. "ప్రొఫెషనల్‌గా ఉండాలి కదండీ" అన్నారు. అన్నిటికీ ఒక్క షేడ్ ఉండాలంటే మిల్లు గుడ్డ ఉంది, చవగ్గా దొరుకుతుంది. చేతి పనికి ఎక్కువ ధర కడుతున్నామని గొప్పగా చెప్పుకుంటూ, చేతి పని ఆనవాలు కనపడగానే డిఫెక్ట్ అనడమేం ప్రొఫెషనలిజమో నాకర్థం కాలేదు. చివరికి మా టీం వాళ్ళం నలుగురం ఆ పద్నాలుగూ కొనేసుకున్నాం. మా అమ్మ ఆ ముదురు దాన్నే ఏరి తీసుకుంది, ఇదే బావుందంటూ.

అది ఒక్క ఆఫీసు సంగతి. కిందనున్న లెక్కలు ఇంకా పెద్దవి. చేత్తో రంగు వెయ్యాలంటే నూలు చిలపల్లో ఉండాలి. మిల్లులకీ, మరమగ్గాలకీ కోన్లు కావాలి. అందుకే అమ్మే నూలులో కొంత భాగం చిలపల్లోనే చుట్టాలని మిల్లులకి ప్రభుత్వం నిబంధన పెట్టింది. అది 2003లో 50 శాతం నుంచి 40కి, 2019లో 30కి దిగింది. చేనేత, అనుబంధ పనివాళ్ళు 2009-10 లెక్కల్లో 43.31 లక్షలు, 2019-20 లెక్కల్లో 35.22 లక్షలు. పదేళ్ళలో ఎనిమిది లక్షల మంది తగ్గారు.

అన్నట్టు చిలప అంటే 840 గజాలు. పౌను బరువుకి ఎన్ని చిలపలు తూగితే అన్నో నంబరు నూలు. మంగళగిరి చీరల్లో వాడే 80 నంబరు నూలంటే పౌనుకి 67,200 గజాలు, అంటే 61 కిలోమీటర్ల పైచిలుకు. అర కిలో కూడా లేని నూలు ఇంచుమించు గుంటూరు నుంచి చీరాల దాకా సాగుతుంది. ఆ పొడుగునా ఎక్కడా మచ్చ పడకుండా రంగు దిగాలి, తెగకూడదు. ఈసారి చీర ధర చూసి "అమ్మో" అనేముందు ఆ దారి ఒకసారి గుర్తుచేసుకోండి.

చేనేత దినోత్సవం నాడు ఫోటో దిగి స్టేటస్ పెట్టమని నేను చెప్పను. నేనడిగేవి మూడే. కొనేముందు రెండు దారాలు కాల్చి చూడండి. రంగు ఏదో, ఎలా వేశారో అడగండి. తెలిసినవాడు సంతోషంగా చెప్తాడు, తెలియనివాడు మాట మారుస్తాడు, మీకు తేడా తెలిసిపోతుంది. మొదటి మూడు ఉతుకులూ చన్నీళ్ళలో విడిగా ఉతికి, నీడలో ఆరెయ్యండి. ఇక ఆఫీసులకి పెద్ద ఆర్డర్లిచ్చేవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఆ ఆర్డర్ కాగితం మీద ఒక్క లైను చేర్చండి: "దఫా దఫాకీ వచ్చే రంగు తేడా లోపం కాదు, సరుకు వెనక్కి పంపబడదు." మేము ఈ సంవత్సరం ఆర్డర్లో చేర్పించాం. రెండు నెలలు పట్టింది, ముగ్గురు మేనేజర్లు దాటాల్సొచ్చింది, కానీ చేరింది.

మా అమ్మాయికి మాత్రం జవాబు చెప్పేశాను, మిరపకాయకి చెయ్యి లేదని. ఇప్పుడు ఉల్లిపాయ తొక్కలకి చెయ్యుందా అని అడుగుతోంది. ఉంది. వచ్చే ఆదివారం గిన్నె ఇవ్వనని మా ఆవిడ అంటోంది, చూడాలి.